గుర్రం ఖర్చు, చెమట జమ

ఈసారి గుర్రాలవాళ్ళ ఉత్తరాలు ఎక్కువగా చెన్నై నుంచి, దాని శివార్ల నుంచి వచ్చాయి. అటూ ఇటూగా అందరూ అడిగింది ఒకటే: గుర్రాన్ని ఉంచిన లాయంలోనే పనిచేసి నెల ఖర్చు తగ్గించుకోవడం ఎలా? లాయం నడిపేవాళ్ళూ పశువైద్యులూ కలిసి రాసిన జవాబులివి. ధరలు లాయానికో రకంగా ఉంటాయి. కింది లెక్కల్లో వేసినవి నమూనా ధరలు. మీ ధరలతో మళ్ళీ కట్టి చూసుకోండి.

ప్రశ్న: రేసులు మానిన ఏడేళ్ళ థరోబ్రెడ్ ఆడగుర్రాన్ని తీసుకున్నాను. కోవళం దగ్గరి లాయంలో మేత, సైసు (గుర్రాన్ని చూసుకునే పనివాడు), గది అన్నీ కలిపి నెలకు 24,000 అడుగుతున్నారు. వారానికి ఐదు రోజులు ఉదయం మూడేసి గంటలు పనిచేస్తే 6,000 తగ్గిస్తామన్నారు. మా ఇల్లు వేళచ్చేరిలో. స్కూటర్ మీద ఒకవైపు 30 కిలోమీటర్లు. ఈ బేరం గిట్టుతుందా? ఇంకా ఎక్కువ పనిచేస్తే మొత్తం ఖర్చే మాఫీ అవుతుందా?
— పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: రెండో ప్రశ్నకే ముందు జవాబు: కాదు. ఆ లాయంలో సైసు జీతం 18,000 అనుకుందాం. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు, అంటే 208 గంటలు. గంటకు సుమారు 87 రూపాయలు. ఈ రేటున 24,000 తీరాలంటే 276 గంటలు కావాలి. సైసు నెలంతా పడే కష్టం కన్నా ఇది 68 గంటలు ఎక్కువ. మీరు ఉద్యోగం మానేసి అక్కడే ఉన్నా బిల్లు తీరదు.

ఎందుకో బిల్లు విప్పి చూస్తే తెలుస్తుంది. 450 కిలోల గుర్రానికి రోజుకు 9 కిలోల ఎండుగడ్డి, 3 కిలోల దాణా వేస్తున్నారనుకోండి. గడ్డి కిలో 15, దాణా కిలో 40 చొప్పున నెలకు గడ్డికి 4,050, దాణాకు 3,600. గది నేల మీద పరిచే బెడ్డింగ్‌కు ఓ 2,000. కలిపి 9,650. ఇందులో ఒక్క రూపాయి కూడా మీ చెమటతో తగ్గదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని ఊరికే అనలేదు. ఒక సైసు నాలుగు గుర్రాలను చూస్తుంటే అతని జీతంలో మీ గుర్రం వాటా 4,500. మిగిలిన 9,850లో స్థలం అద్దె, నీళ్ళు, కరెంటు, కాపలా, మరమ్మతులు, యజమాని లాభం ఉంటాయి. మీ పని వల్ల యజమానికి మిగిలేది ఆ 4,500 పద్దులోనే. అంతకు మించి తగ్గాలంటే వేరేవాళ్ళ గుర్రాల పని కూడా మీద వేసుకోవాలి.

ఇక మీ బేరం. వారానికి 15 గంటలంటే నెలకు 65. ఆరువేలను 65తో భాగిస్తే గంటకు 92. సైసు రేటు కన్నా కాస్త ఎక్కువే, అంటే యజమాని మోసమేమీ చేయడం లేదు. నష్టం దారిలో ఉంది. రానూపోనూ 60 కిలోమీటర్లు. స్కూటర్ లీటరుకు 45 ఇస్తుందనుకుని, పెట్రోలు లీటరు నూరు వేసుకుంటే రోజుకు 133. స్వారీ కోసం వారానికి రెండుసార్లు ఎలాగూ వెళ్తారు కనుక వాటిని వదిలేద్దాం. మిగిలిన మూడు రోజులు, నెలకు 13 ప్రయాణాలు, 1,730 రూపాయలు. చేతికి మిగిలేది 4,270, గంటకు 66. రోడ్డు మీద పోయే సమయం ఇందులో కలపనేలేదు.

కాబట్టి రోజులు తగ్గించి గంటలు పెంచమని అడగండి. వారానికి రెండు రోజులు, ఏడేసి గంటలు. అవి కూడా ఎలాగూ స్వారీకి వెళ్ళే రోజులే అయితే అదనపు ప్రయాణం ఉండదు. నెలకు 60 గంటలు, 87 చొప్పున 5,200 పైచిలుకు. తగ్గింపు ఎనిమిది వందల దాకా తక్కువ కనిపిస్తుంది, పెట్రోలులో 1,730 మిగులుతుంది. ఆ రెండింటిలో ఒకటి సైసు వారపు సెలవు రోజైతే యజమాని బేరమాడే అవకాశం తక్కువ, ఎందుకంటే ఆ రోజు ఆయన బయటి మనిషిని పెట్టుకోవాలి, లేదా తనే పార పట్టాలి. పొంగల్, దీపావళికి సైసులు ఊళ్ళకు వెళ్ళిన వారాల్లో గంటకు రెండింతల జమ అడిగినా తప్పులేదు.

లద్ది ఎత్తే పనికి సైసు రేటే వస్తుంది. అంతకన్నా ఎక్కువ జమయ్యే పనులు వేరే: రాత్రి తనిఖీ, కొత్తగా నేర్చుకునే పిల్లల గుర్రాన్ని పగ్గం పట్టి నడిపించడం, గడ్డి లోడు దిగేటప్పుడు తూకం చూడటం, లాడాలవాడు వచ్చిన రోజు గుర్రాలను ఒకటొకటిగా పట్టుకుని నిలబడటం, నెలాఖరు బిల్లులు రాయడం. చివరిది నలుగురు యజమానుల్లో ముగ్గురికి తలనొప్పి. మీరు కంప్యూటర్ ముందు కూర్చునే మనిషైతే ముందు దాన్ని అడగండి. ఇతరుల గుర్రాలను స్వారీ చేసి కదిలించే పనికి మంచి జమే ఇస్తారు గానీ, మీ స్వారీ సంగతి తెలిసిన శిక్షకుడు సరేనంటేనే ఒప్పుకోండి.

మొదటి నెల గంటల లెక్కన, ఆ తర్వాత గదుల లెక్కన జమ రాసుకోవడం ఇద్దరికీ న్యాయం. కొత్త చేతికి ఒక గది 40 నిమిషాలు పడుతుంది, నెల తిరిగేసరికి 20కి వస్తుంది. మొదటి రోజే గదుల లెక్క పెట్టుకుంటే మీకు నష్టం, ఎప్పటికీ గంటల లెక్కే ఉంటే యజమానికి నష్టం.

ఒక మాట మీరు అడగకపోయినా. పరుగుపందాల రోజుల్లో గుర్రానికి దాణా దండిగా వేస్తారు. వారానికి రెండు మూడుసార్లు తేలికగా స్వారీ చేసే గుర్రానికి గడ్డి మంచిదైతే కిలోన్నర నుంచి రెండు కిలోల దాణా చాలు. మూడు కిలోల నుంచి రెండుకు తగ్గిస్తే నెలకు 1,200 మిగులుతుంది, పార ముట్టకుండానే. గుర్రం కూడా తక్కువ చిందులు తొక్కుతుంది. తగ్గించేది ఒక్కరోజులో కాదు, ఏడు నుంచి పది రోజుల్లో. మానేసిన దాణా స్థానంలో గడ్డి పెంచండి. ఏ పూటా రెండు కిలోలకు మించి దాణా వేయకూడదు. గుర్రం పొట్ట చిన్నది. పిండిపదార్థం అరగకుండా పెద్దపేగులోకి జారితే అక్కడ పులిసి కడుపునొప్పి, గిట్టల వాపు తెస్తుంది.

లాడాలు, టీకాలు, నట్టల మందు, వైద్యుడి ఫీజు సాధారణంగా ఈ 24,000లో ఉండవు. లాడం వేసిన గుర్రానికి నాలుగు నుంచి ఆరు వారాలకు, లాడం లేనిదానికి ఆరు నుంచి ఎనిమిది వారాలకు గిట్టలు చెక్కించాలి. వీటిని పనిలో జమ చేసుకుంటామని యజమాని అన్నా ఒప్పుకోవద్దు. ఆ డబ్బు వెళ్ళేది బయటివాళ్ళకు, నగదుగా. మధ్యలో ఆగితే నష్టపోయేది గుర్రం.

ప్రశ్న: శని, ఆదివారాలు నాలుగు గదులు శుభ్రం చేస్తే తగ్గింపు ఇస్తున్నారు. సైసు గదికి 20 నిమిషాలు తీసుకుంటే నాకు గంట పడుతోంది. పైగా మంచి చెక్కపొట్టు కూడా పారేస్తున్నానని కోప్పడుతున్నారు. ఎక్కడ తప్పుతున్నాను?
— పాఠకుడు, తాంబరం

జవాబు: బహుశా మీ చేతిలో ఉన్న ఫోర్క్ దగ్గర. గడ్డి ఎత్తడానికి చేసిన నాలుగు పళ్ళ ఫోర్క్‌తో చెక్కపొట్టు బెడ్డింగ్ శుభ్రం చేస్తే లద్ది ఉండలు పళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. అది చూసి పార అందుకుంటారు. పారతో ఎత్తితే లద్ది ఒకటికి పొట్టు మూడు వస్తుంది. దగ్గర దగ్గర పళ్ళున్న లద్ది ఫోర్క్ వేరే ఉంటుంది. దాన్ని దాదాపు నేలకు సమాంతరంగా లద్ది కిందికి తోసి, పైకెత్తి, మణికట్టుతో చిన్నగా ఆడిస్తే పొట్టు రాలిపోయి ఉండలు మిగులుతాయి. వరిగడ్డి బెడ్డింగ్‌కైతే ఆ నాలుగు పళ్ళదే సరి.

క్రమం ఇలా పెట్టుకోండి. లోపల అడుగు పెట్టగానే పని మొదలెట్టకుండా అరనిమిషం చూడండి. రాత్రి లద్ది ఎన్ని కుప్పలు పడింది, తొట్టిలో దాణా మిగిలిందా, నీళ్ళ బకెట్ ఎంత ఖాళీ అయింది, బెడ్డింగ్ దొర్లినట్టు చెదిరి ఉందా. గుర్రం రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు లద్ది వేస్తుంది. తెల్లారేసరికి ఒకటి రెండు కుప్పలే ఉంటే ఫోర్క్ పక్కన పెట్టి సైసును పిలవాలి. ఊడ్చేశాక ఈ సమాచారం ఇంకెవరికీ దొరకదు.

తర్వాత గుర్రాన్ని బయట కట్టండి. లాగితే ఊడే ముడే వేయాలి. పగ్గాన్ని ఎన్నడూ చేతికి చుట్టుకోవద్దు. ముందు పైకి కనిపించే లద్ది, తర్వాత శుభ్రమైన పొట్టును గోడల వైపు ఎగజిమ్మడం. అలా ఎగజిమ్మినప్పుడు అందులో దాగిన ఉండలు గోడ వాలున దొర్లి కిందికి వస్తాయి. సగం సమయం ఆదా అయ్యేది ఇక్కడే. మధ్యలో తేలిన తడి మచ్చను నేల కనిపించేదాకా తీసి కాసేపు ఆరనివ్వాలి. అది ఆరేలోపు రెండో గది మొదలుపెట్టండి. ఒక్కో గదినే మొదలుపెట్టి ముగించి ఇంకో గదికి వెళ్తే ఆరే సమయమంతా నిలబడే పోతుంది. ఆరిన నేల మీద సున్నపురాయి పొడి పలచగా చల్లుకోవచ్చు. వెల్లవేసే కాల్చిన సున్నం మాత్రం వద్దు, తడి తగిలితే చర్మం, గిట్ట కాలుతాయి. మీద పొట్టు పది నుంచి పదిహేను సెంటీమీటర్ల మందాన పరచాలి. ముగించాక మోకాళ్ళ ఎత్తుకు వంగి ఒకసారి వాసన చూడండి. నిలబడినప్పుడు తెలియని అమోనియా ఘాటు అక్కడ తెలుస్తుంది. పడుకున్న గుర్రం పీల్చేది ఆ గాలినే.

పొట్టు ఎక్కణ్ణుంచి వస్తోందో కూడా అడగండి. ప్లైవుడ్, మందు పట్టించిన కలప కోసే మిల్లు నుంచి వచ్చేది వాడకూడదు. మెత్తటి రంపపు పొడి కన్నా చిత్రిక పట్టగా వచ్చే చుట్టలు మేలు, దుమ్ము తక్కువ. వరిగడ్డి చవకే గానీ ఆకలేసిన గుర్రం దాన్నే తిని పేగు బిగదీసుకుంటుంది. ఊక సంగతీ అంతే, పైగా దుమ్ము.

గుర్రానికి రోజుకు 20 కిలోల దాకా లద్ది, దానితో వచ్చే తడి పొట్టు వేరే. నాలుగు గదులకు నూరు కిలోలు దాటుతుంది. బండిని తలుపు దాకా తెచ్చుకోకుండా తట్టలతో మోస్తుంటే గంట పట్టడంలో వింతేమీ లేదు. ఎరువు గుంతను గాలి లాయం వైపు వీచని దిక్కున పెట్టించండి. చెన్నై వేడిలో ఈగ గుడ్డు వారం, పది రోజుల్లో ఈగైపోతుంది కనుక గుంతలోది వారానికోసారైనా తరలించాలి, లేదా పట్టా కప్పాలి.

చివరగా గిట్టలు. మడమ వైపు నుంచి ముందుకు గీకాలి, ఎదురు గీకితే మధ్యనున్న మెత్తటి కండలో కొక్కెం దిగుతుంది. దాని పక్క సందుల్లో నల్లటి, కుళ్ళువాసన వేసే జిగురు కనిపిస్తే అది తడి బెడ్డింగ్ తెచ్చిన కుళ్ళు. ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఇది ఇంటింటి కథ. మందు కన్నా ముందు నేల ఆరాలి.

ప్రశ్న: మాది స్థలం మాత్రమే అద్దెకిచ్చే లాయం. నెలకు 7,000. మేతా పనీ మావే. పక్క ఆవుల ఫారంలో కో-4 గడ్డి చవగ్గా దొరుకుతోంది. అదీ గోధుమ పొట్టూ పెడుతున్నాం. మూడు నెలల్లో గుర్రం బిగుసుకున్నట్టు నడుస్తోంది. ఎండలు మొదలయ్యాక దానికి చెమట కూడా పట్టడం లేదు. ఇసుక నేల.
— పాఠకుడు, ఈస్ట్ కోస్ట్ రోడ్డు

జవాబు: మీ ఉత్తరంలో రెండు జబ్బుల అనుమానాలు, మూడో దానికి చోటూ ఉన్నాయి. ముందు వైద్యుణ్ణి పిలిపించండి, తర్వాత ఇది చదవండి.

కో-4 నేపియర్ జాతి సంకరం. ఆవులకు బంగారం లాంటి మేత. అందులోని ఆక్సలేట్‌ను ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు విరగ్గొడతాయి. గుర్రానికి ఆ ఏర్పాటు లేదు. ఆక్సలేట్ మేతలోని కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందకుండా చేస్తుంది. దాని మీద గోధుమ పొట్టు. పొట్టులో భాస్వరం కాల్షియం కన్నా సుమారు పదింతలు. గుర్రానికి కావలసింది దీనికి తలకిందులు, భాస్వరం ఒక పాలైతే కాల్షియం ఒకటిన్నర నుంచి రెండు పాళ్ళు. లోటు పూడ్చుకోవడానికి శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాగుతుంది. ముందు బిగుసుకుపోయిన నడక, ఒకరోజు ఒక కాలు ఇంకోరోజు ఇంకో కాలు కుంటడం, ముదిరితే దవడ, ముక్కు పక్క ఎముకలు ఉబ్బడం. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపించవచ్చు, దాన్ని చూసి ఊరట పడొద్దు. ఏం మేపుతున్నారో వైద్యుడికి చెబితే సగం రోగనిర్ధారణ అయినట్టే.

కో-4 ఆపి గరిక, రోడ్స్ గడ్డి, లేదా మంచి ఎండుగడ్డికి మారండి. దానికి తోడు లూసర్న్ అనే పప్పుజాతి మేత రోజుకు రెండు కిలోల దాకా ఉంటే కాల్షియం అందుతుంది. గోధుమ పొట్టు పూర్తిగా మానినా నష్టం లేదు. సున్నపురాయి పొడి ఎంత కలపాలో వైద్యుడు చెప్పాలి. దాణాలో ఉలవలు వాడితే రాత్రంతా నానబెట్టి ఉడికించినవే వేయండి. పచ్చివాటిలో అరుగుదలను అడ్డుకునే పదార్థం ఉంటుంది, ఉడికితే పోతుంది. పచ్చి ఉలవలు దంచి వేసే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది, దానివల్ల గ్యాసు తప్ప లాభం లేదు.

చెమట పట్టకపోవడం చెన్నై లాంటి ఉక్క ఊళ్ళలో థరోబ్రెడ్‌లకు తరచూ వచ్చేదే. నుదుటి మీద, మెడ మీద వెంట్రుక పొడిబారి రాలుతుంది, చిన్న నడకకే రొప్పుతుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటితే ప్రమాదం. తెల్లారకముందే పని, మధ్యాహ్నం నీడా ఫ్యానూ, రొప్పితే ఒళ్ళంతా ఆపకుండా చన్నీళ్ళు. వేడెక్కిన గుర్రానికి నీళ్ళు తాగిస్తే కడుపునొప్పి వస్తుందన్నది పాత భయం, తాగనివ్వండి. ఉప్పు రోజుకు 50 గ్రాముల దాకా దాణాలో కలపండి, నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కత్తిరి ఎండల్లో రోజుకు 50 లీటర్లు తాగినా ఆశ్చర్యపోవద్దు. కొన్ని గుర్రాలకు ఏ మందూ పనిచేయదు, బెంగళూరు వంటి చల్లటి చోటికి పంపితేనే చెమట తిరిగి వస్తుంది.

ఇక ఇసుక. నేల మీద గడ్డి వేస్తే గుర్రం దాంతోబాటు ఇసుక మింగుతుంది, అది పేగులో పేరుకుంటుంది. నేల తగలని లద్ది ఉండలు ఆరేడు పైనుంచి తీసి, పారదర్శకమైన కవర్లో లీటరు నీళ్ళు పోసి పిసికి వేలాడదీయండి. పావుగంటకు అడుగున చెంచాడు ఇసుక దిగితే వైద్యుడికి చెప్పాలి. ఇసబ్‌గోల్ మోతాదు ఆయన చూసుకుంటారు. మీరు చేయాల్సింది తొట్టి, దాని కింద రబ్బరు చాప.

ఆవుల ఫారం పక్కనే ఉన్నారు కనుక రెండు హెచ్చరికలు. కోళ్ళ దాణాలోనూ కొన్ని పశువుల దాణాల్లోనూ కలిపే మొనెన్సిన్ అనే మందు గుర్రం గుండెను దెబ్బతీసి చంపుతుంది, కొంచెమైనా చాలు. ఒకే గరిటతో రెండు దాణాలూ తోడటం కూడా వద్దు. రెండోది, ఆవుల పిడుదులకు కొట్టే అమిట్రాజ్. గుర్రం మీద కొడితే పేగు కదలిక ఆగిపోతుంది. సాయం చేస్తున్నామనుకుని పక్కవాళ్ళే కొట్టేస్తారు, ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడు. స్వారీ పాఠాల ఫీజు బదులు ఆదివారాలు లాయంలో పనిచేస్తానంటున్నాడు. పంపించవచ్చా?
— ఒక తల్లి, పెరంబూర్

జవాబు: ఫీజు బదులు పని అన్నప్పుడు అది కూలి కింద లెక్క. 1986 బాలకార్మిక చట్టం, 2016 సవరణ ప్రకారం పద్నాలుగు నిండని పిల్లల చేత అలా చేయించకూడదు. ఫీజు కట్టండి. పాఠంలో భాగంగా తన గుర్రాన్ని తోముకోవడం, జీను తుడవడం నేర్చుకుంటే అది చదువే. స్వారీకి చేసిన హెల్మెట్ (బైకుది కాదు), మడమ ఉన్న మూసిన బూట్లు, ధనుర్వాతం టీకా తప్పనిసరి. మగగుర్రాల దగ్గరికి ఒంటరిగా పంపవద్దని శిక్షకుడికి నోటితో కాక రాసి ఇవ్వండి.

ప్రశ్న: ఏడాదిగా పనిచేస్తూ సగం ఫీజు కడుతున్నాను. కొన్నాళ్ళుగా గుర్రం సన్నబడుతోంది. అడిగితే "మీరు కట్టేది సగమే కదా" అన్నట్టు మాట్లాడుతున్నారు. కాగితం ఏదీ రాసుకోలేదు. గడ్డి తక్కువ వేస్తున్నారని నిరూపించేదెలా?
— పాఠకుడు, ఆవడి

జవాబు: వాదనకు దిగే ముందు కొలతలు తీయండి. గుర్రం ముందుకాళ్ళ వెనకగా ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసి దాన్ని దానితోనే హెచ్చవేయండి. భుజం మొన నుంచి పిరుదు మొన వరకు పొడవుతో మళ్ళీ హెచ్చవేసి 11,880తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. చుట్టు 180, పొడవు 160 అయితే 436 కిలోలు. పదిహేను రోజులకోసారి ఒకే మనిషి, ఒకే వేళ కొలవాలి. పక్కటెముకల మీద అరచేయి ఆనించండి. తగలాలి, కానీ కంటికి కనిపించకూడదు. కనిపిస్తున్నాయంటే సన్నబడ్డట్టే.

తర్వాత వేలాడే త్రాసు ఒకటి కొని, వేసే ప్రతి గడ్డి వలనూ తూచి గది తలుపు మీద రాయండి. గడ్డి పచ్చికాకుండా ఎండుదైతే రోజుకు శరీర బరువులో నూటికి రెండు పాళ్ళ దాకా ఉండాలి, ఒకటిన్నరకు తగ్గకూడదు. తూకం సరిగ్గానే ఉండి గుర్రం తగ్గుతోందంటే తప్పు యజమానిది కాకపోవచ్చు. పళ్ళు గీకించి ఎన్నాళ్ళయింది? పక్కపళ్ళ అంచులు పదునెక్కితే సగం నమిలిన గడ్డి ఉండలు చుట్టి బయటికి ఉమ్ముతుంది. నట్టల గుడ్ల కోసం లద్ది పరీక్ష చేయించారా? జ్వరం వచ్చిపోతూ ఉంటే సర్రా (ఈగలు కుట్టి అంటించే రక్త పరాన్నజీవి జబ్బు) కోసం రక్తం కూడా చూపించాలి. 1903లో మొదలై ఇప్పుడు వేపేరీలో ఉన్న మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రిలో ఈ పరీక్షల గురించి అడగండి.

ఇప్పుడైనా కాగితం రాసుకోండి. ఒక పేజీ చాలు. పూర్తి ఫీజు ఎంత, అందులో రోజుకు ఎన్ని కిలోల ఏ గడ్డి, ఎంత దాణా. పని ఎన్ని గంటలు, గంటకు ఎంత జమ, మిగిలిన గంటలు వచ్చే నెలకు వెళ్తాయా లేదా. మీకు జ్వరమొస్తే ఏమిటి. మీరు ఫోను ఎత్తకపోతే వైద్యుణ్ణి పిలిచేదెవరు, ఎంత ఖర్చు దాకా. మీ గుర్రాన్ని ఇతరులు స్వారీ చేయవచ్చా. ఇది రాయకపోతే ఆదివారం పాఠాలకు మీ గుర్రమే నడుస్తుంది. మీకు పనిలో దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది. విడిపోవాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం: పని జమ ఫీజుకే గానీ మేత తూకానికి సంబంధం లేదని ఒక వాక్యం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, మామూలు వివేకమున్న మనిషి తన సొత్తును చూసుకునేంత జాగ్రత్తగా అప్పగించిన సొత్తును చూసుకునే బాధ్యత తీసుకున్నవాడిది. సగం కట్టారు కాబట్టి సగం మేపుతానంటే చెల్లదు.

పని చేసిన రోజే చిన్న నోటుపుస్తకంలో తేదీ, గంటలు రాసి సంతకం చేయించండి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాసే లెక్కల మీదే తగాదాలన్నీ వస్తాయి.

ప్రశ్న: రాత్రి తొమ్మిదిన్నరకు పన్నెండు గుర్రాలనూ ఒకసారి చూసి వస్తే నెలకు 4,000 జమ చేస్తామంటున్నారు. లాయం పక్క వీధిలోనే మా ఇల్లు. ఏమేం చూడాలి? రాత్రిపూట కడుపునొప్పి వస్తే ఏం చేయాలి?
— పాఠకురాలు, ఉత్తండి

జవాబు: వచ్చిన బేరాల్లో ఇదే మంచిది, వదులుకోకండి. పన్నెండింటికి అరగంట, నలభై నిమిషాలు పడుతుంది. లైటు వేయకముందు తలుపు దగ్గర నిలబడి వినండి: నమిలే చప్పుడు రావాలి. తర్వాత టార్చితో నీళ్ళు, లద్ది, నిలబడిన తీరు. ముందుకాలితో నేల గీరడం, డొక్కవైపు తిరిగి చూసుకోవడం, పై పెదవి మడవడం, పడుకుని లేచి మళ్ళీ పడుకోవడం కడుపునొప్పి గుర్తులు.

గుర్తులు కనిపిస్తే గడ్డి, దాణా తీసేయండి, నీళ్ళు ఉంచండి. థర్మామీటరు మలద్వారంలో పెట్టి చూడాలి: 37.5 నుంచి 38.5 మామూలు. దవడ కింది నాడి నిమిషానికి 28 నుంచి 44; 60 దాటితే విషయం గట్టిది. ఊపిరి 8 నుంచి 16. చెవి డొక్కకు ఆనించి రెండు వైపులా వినండి, గుడగుడలు లేకపోతే అది కూడా చెప్పాలి. ఈ నాలుగూ కాగితం మీద రాసుకున్నాక వైద్యుడికి ఫోను. "గుర్రం ఎలాగో ఉంది" అంటే ఆయన తెల్లారి వస్తారు, "నాడి 64, చప్పుడు లేదు" అంటే బండి తీస్తారు.

ఆయన వచ్చేలోపు దొర్లకుండా మెల్లగా నడిపించవచ్చు, అలసిపోయేదాకా కాదు. మీకు దెబ్బ తగిలేలా కొట్టుకుంటుంటే బయటికి వచ్చేయండి. లాయంలో ఉన్న నొప్పి ఇంజెక్షన్ వైద్యుడు చెప్పకుండా ఇవ్వవద్దు. నొప్పి తగ్గి, లోపల తిరిగిన పేగు సంగతి మరుగున పడుతుంది. నూనె, సోడా, కషాయం నోట్లో పోయడం మరీ ప్రమాదం. గుర్రం వాంతి చేసుకోలేదు, పోసినది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా.

కొత్తగా వచ్చిన గుర్రాన్ని మూడు నాలుగు వారాలు విడిగా ఉంచుతున్నారో లేదో అడగండి. ముక్కు నుంచి చిక్కటి చీమిడి, చర్మం మీద పుండ్ల వరుస ఉన్నదాన్ని ముట్టకండి. గ్లాండర్స్ మనుషులకూ అంటుతుంది, 2009 నాటి పశువుల అంటురోగాల చట్టం కింద అధికారులకు తెలపాల్సిన రోగం. వేరుగా ఉంచిన గుర్రాన్ని ఎప్పుడూ ఆఖరున చూడాలి.

ప్రశ్న: నేను పని మొదలుపెట్టినప్పటి నుంచి సైసు ముభావంగా ఉంటున్నాడు. ఎందుకు?
— పాఠకుడు, షోళింగనల్లూరు

జవాబు: మీరు చేసే గంటలు తన జీతంలోంచి కోస్తారేమోనని, ఇన్నాళ్ళూ మీరిచ్చిన చేతిఖర్చు ఆగిపోతుందేమోనని. మొదటిది యజమాని చేత అతని ముందే చెప్పించండి. రెండోది ఆపకండి, దీపావళి ఇనాము కూడా. అతని ఖరారా (గుర్రం ఒళ్ళు తోమే దువ్వెన), బ్రష్షులు వాడాక ఉన్నచోటే పెట్టండి. దాణా కొలత మార్చాలనిపిస్తే ముందు అతన్ని అడగండి. మీరు లేని రోజుల్లో ఆ గుర్రం ఏం తిన్నదీ తెలిసింది అతనికే.